దశబంధము, తక్కావి, నగదు సాయము

రైతునకు ప్రభుత్వము చేయూత నిచ్చుట నేటి వింత కాదు. పంట పండనిదే బొక్కసము నిండదను ఎఱుక వెనుకటి పాలకులకును గలదు. ఆంధ్రేతర ప్రాంతములందు తరతరములుగా భూమి దున్నుకొని బ్రదుకుచున్న మన కుటుంబములకు ఈ చరిత్ర యేల కావలెనో తుదిని మనవి చేసెదము.

పూర్వము చెఱువు త్రవ్వించినవానికి దశబంధ మను మాన్య ముండెడిది. ఆ చెఱువు క్రింది భూమిలోనో, దాని శిస్తులోనో కొంత భాగము, పేరునుబట్టి పదియవ వంతు, అతనికి చెల్లెడిది. అందులకు బదులుగా అతడును అతని సంతతియు కట్టను, తూమును కాపాడవలెను. మైసూరు సీమ శాసనములలో ఇట్టి మాన్యమునకు కట్టుకొడగె యని పేరు. చెఱువు కట్టుట యెంతటి పనియో కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము (1369) తెలుపుచున్నది. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు వేయిమంది కూలీలను, ఱాళ్లు తోలుటకు నూఱు బండ్లను పెట్టి రెండేండ్లలో ఆ చెఱువును ముగించెనట.

1876-78 నాటి ధాత కరవు దక్షిణ దేశమును దహించినది. పిమ్మట 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును పుట్టినవి. మొదటిది బావులకు, గట్లకు. రెండవది విత్తనములకు, ఎద్దులకు. మన పెద్దలు ‘తక్కావి’ యనుచుండినది దీనినే. ఇది దానము కాదు, అప్పు. చెల్లింపనిచో శిస్తు బకాయివలెనే వసూలు చేసెడివారు.

ఇక నగదు సాయము. 2018 మే నెలలో తెలంగాణమున రైతుబంధు మొదలై, పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయ లిచ్చిరి. ఆ యేటి చివరనే ఒడిశాలో అంగీకరింపబడిన కాలియా పథకము కౌలుదారులను, భూమి లేనివారిని కూడ చేర్చుకొన్నది. 2019 ఫిబ్రవరి 24న ఆరంభమైన ప్రధానమంత్రి కిసాన్ పథకము ఏటికి 6,000 రూపాయలను మూడు విడతలుగా రైతు ఖాతాలోనే వేయునట్లు ఏర్పరచినది. నెలకు 10,000 రూపాయలకు తక్కువ కాని సర్కారు పింఛను గల మావంటి గుమాస్తాలకు ఆ సొమ్ము రాదు. కావున ఈ వ్రాతలో మాకు స్వార్థము లేదు.

దశబంధము చేసిన పనినిబట్టి వచ్చినది. తక్కావి తీర్చెడి పూచీనిబట్టి వచ్చినది. కిసాన్ సొమ్ము కాగితములోని పేరునుబట్టి వచ్చును. కర్ణాటకమున పహణి, తమిళనాట పట్టా, మహారాష్ట్రమున సాత్‌బారా, ఏదైనను అందు రైతు పేరుండవలెను. 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు లేనివారికి, వారసత్వమున వచ్చిన భూమికి తప్ప, అర్హత లేదని తొలి నియమము. సొంత భూమి లేక కౌలుకు చేయువాడు ఎంత చెమటోడ్చినను ఆ లెక్కలోనికి రాడు.

మన చిక్కు మఱియొకటి. తమిళ లిపిలో క, గ లకు అక్షర మొక్కటే. పట్టాలోని గోపయ్య కోపయ్య యగును. ఇంటిపేరు ఒక కాగితమున ముందు, వేఱొక దానిలో పొడియక్షరముగా నుండును. పెక్కు కుటుంబములలో భూమి నేటికిని కీర్తిశేషుడైన ముత్తాత పేరనే యున్నది. మనుమలు పంచుకొని దున్నుచున్నారు, పేరు మార్పించుకొనలేదు.

మన పూర్వులు ఱాతిపై పేరు చెక్కించి చెఱువును నిలిపిరి. మనము కాగితముపై పేరు సరిచేయించుకొనుటకు బద్ధకింపరాదు. చదువు వచ్చిన పిల్లలు ఒక్క సెలవుదినమున పెద్దల పెట్టె తెఱచి, పట్టాను, ఆధారును, బ్యాంకు పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక! భాషను నిలుపుకొనుట యెంతయో, భూమిని నిలుపుకొనుటయు నంతయే.