సాక్షి లేని చిత్రము

సిసిలీ ద్వీపమునందలి పలెర్మో నగరమున సాన్ లోరెంజో అను చిన్న ప్రార్థనామందిరము కలదు. అందు బలిపీఠముపై క్రీస్తు జననమును జూపు తైలవర్ణచిత్రమొకటి మూడువందల యేండ్లకు పైబడి యుండెను. శ్రోతలారా! ఇటలీ చిత్రకారుడు కరవాజో (1571-1610) రచించిన ఆ చిత్రమును గూర్చి నేను నేడు ముచ్చటింపదలచితిని.

అందు రాజవైభవ మేమియు లేదు. శిశువు నేలపై గడ్డిమీద పరుండియున్నాడు. తల్లి ప్రసవశ్రమచే డస్సి, నేలనే కూర్చుండి, బిడ్డను చూచుచున్నది. పైనుండి దేవదూత యొక్కడు దిగుచున్నాడు. ప్రక్కన లారెన్సు, ఫ్రాన్సిసు అను భక్తులున్నారు. ఒకరు 258లోను, వేరొకరు 1226లోను గతించినవారు. మందిరము లారెన్సు పేరిటిది. దానిని నడపిన సంఘము ఫ్రాన్సిసు పేరిటిది. అందుచేతనే వారికిచ్చట చోటు దొరకినది.

కరవాజో 1606లో రోమునందొకని చంపి పారిపోయెను. తరువాత సిసిలీలో తలదాచుకొనిన దినములలో, 1609లో, దీనిని రచించెనని చిరకాలము నమ్మిరి. కాదు, 1600లో రోముననే రచించి పంపెనని ఇటీవల పలువురు పండితులు వాదించుచున్నారు. ఈ తగవున కాన్వాసు నేతయు, రంగుల పొరలును సాక్ష్యమీయవలసియున్నది. ఆ సాక్షియే లేదు! 1969 అక్టోబరులో దొంగలు చిత్రమును చట్రమునుండి కోసికొనిపోయిరి. నేటికిని అది దొరకలేదు.

2015లో, ఛాయాచిత్రముల సాయమున చేసిన ప్రతిరూపము నచ్చట నుంచిరి. ప్రార్థించువారికి అది చాలవచ్చును. చరిత్రకు చాలదని నా తలంపు. ప్రతిరూపము మన మెరిగినదానినే మరల చూపును. మన మెరుగనిదానిని మూలమొక్కటియే చెప్పగలదు.