నిజకేంద్రక కణాలలో ఎంఆర్‌ఎన్‌ఏ ప్రాసెసింగ్

జన్యువుకు నకలుగా తయారైన తొలి ఆర్‌ఎన్‌ఏ పోగు, కేంద్రకం దాటి ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌లను చేరేలోగా పొందే మార్పులను కలిపి ఎంఆర్‌ఎన్‌ఏ ప్రాసెసింగ్ అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు: పోగు మొదటి కొనకు మిథైల్ గ్వానోసిన్ టోపీ అమరడం, మధ్యలోని ఇంట్రాన్లు అనే ముక్కలు తొలగిపోయి, మిగిలిన ముక్కలైన ఎక్సాన్లు అతుక్కోవడం (స్ప్లైసింగ్), చివర అడినిన్ల తోక చేరడం. బాక్టీరియాలో నకలు ఇంకా తయారవుతుండగానే రైబోసోమ్‌లు దాన్ని అందుకుంటాయి. కేంద్రకం ఉన్న కణాలలో నకలు తీయడం, దాన్ని రైబోసోమ్‌లు చదవడం వేర్వేరు చోట్ల జరుగుతాయి కాబట్టి మధ్యలో ఇంత తతంగానికి వీలు కలిగింది.

ఎంఆర్‌ఎన్‌ఏ ఉనికి 1961లో బాక్టీరియాలో రుజువైంది. జంతు కణాల కేంద్రకంలో మాత్రం ఎంఆర్‌ఎన్‌ఏ కన్నా చాలా పొడవైన ఆర్‌ఎన్‌ఏలు కనిపించేవి. వాటిలో అధిక భాగం బయటికి రాకుండానే ఎందుకు నశిస్తోందో దశాబ్దానికి పైగా అంతుపట్టలేదు. మేరీ ఎడ్మండ్స్ 1960లోనే దూడ థైమస్ కేంద్రకాలలో అడినిన్లను వరసగా చేర్చే ఎంజైమ్‌ను గుర్తించారు. దాని ప్రయోజనం తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. 1971లో ఆమె బృందంతో పాటు మరో రెండు బృందాలు ఎంఆర్‌ఎన్‌ఏ చివర ఈ తోకను చూపాయి. క్షీరదాలలో తోక పొడవు తొలుత సుమారు 200 అడినిన్లు. టోపీ నిర్మాణాన్ని 1975 నాటికి యసుహిరో ఫురుయిచి, ఆరన్ షాట్కిన్ తదితరులు వైరస్‌లలో తేల్చారు.

1977 ఈ చరిత్రలో అతి గొప్ప సంవత్సరం. అడినోవైరస్ హెక్సాన్ ప్రోటీన్‌కు చెందిన ఎంఆర్‌ఎన్‌ఏను వైరస్ డీఎన్‌ఏతో జతకలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు, పోగు మొదటి కొన పక్కనున్న డీఎన్‌ఏతో జతపడలేదు. ఇంకా పొడవైన డీఎన్‌ఏ ముక్క వాడితే, జతకుదరని డీఎన్‌ఏ మూడు ఉచ్చులుగా పైకి లేచింది. ఎంఆర్‌ఎన్‌ఏ దూరదూరపు ముక్కల అతుకు అని ఆ చిత్రాలే చెప్పాయి. ఎంఐటీలో సుసాన్ బెర్గెట్, క్లెయిర్ మూర్, ఫిలిప్ షార్ప్; కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో లూయీజ్ చౌ, రిచర్డ్ జెలినస్, థామస్ బ్రోకర్, రిచర్డ్ రాబర్ట్స్ దీన్ని వెల్లడించారు. 1993 నోబెల్ షార్ప్, రాబర్ట్స్‌లకే దక్కింది. ఇంట్రాన్, ఎక్సాన్ అనే పేర్లు 1978లో వాల్టర్ గిల్బర్ట్ పెట్టినవి.

స్ప్లైసింగ్ ఆవిష్కరణకు మూడేళ్ల ముందే, 1974లో, హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో హ్యారిస్ బుష్ బృందం నుంచి రామ్ రెడ్డి ప్రథమ రచయితగా ఎలుక కాలేయ కంతి కణాల కేంద్రకంలోని యు1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమం ప్రచురితమైంది. యూరిడిన్ అధికంగా ఉన్నందువల్ల దానికి ఆ పేరు. అప్పటికి దాని పని ఎవరికీ తెలియదు. ఉపయోగం తెలియని అణువును అంత ఓపికగా చదివి పెట్టడం ప్రశంసనీయం. 1980లో జోన్ స్టైట్జ్, మైఖేల్ లెర్నర్ తదితరులు యు1 మొదటి కొన ఇంట్రాన్ ఆరంభంతో జతకుదురుతుందని గమనించి, ఇంట్రాన్‌ను గుర్తుపట్టేది ఇదేనని ప్రతిపాదించారు. ఆనక 1989లో ఆర్. సింగ్, రెడ్డి కలిసి, స్ప్లైసింగ్‌లోనే పాల్గొనే యు6 ఆర్‌ఎన్‌ఏకు ప్రత్యేకమైన మిథైల్ ఫాస్ఫేట్ టోపీ ఉన్నట్లు చూపారు.

ఇంట్రాన్ ఉచ్చుగా మెలితిరిగి విడిపోతుందని 1984లో, స్ప్లైసింగ్ జరిపే అణు సముదాయమైన స్ప్లైసియోసోమ్ సూక్ష్మ నిర్మాణం 2015 నుంచి తెలిశాయి.

భారతదేశంలో వారసత్వ రక్తహీనత అయిన బీటా థలసీమియాకు అత్యంత సాధారణ కారణం స్ప్లైసింగ్ లోపమే. బీటా గ్లోబిన్ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో అయిదో అక్షరం జి బదులు సి అవుతుంది. యు1 పట్టు సడలుతుంది. కణం సమీపంలోని తప్పు చోట్ల కోస్తుంది. పనికొచ్చే గ్లోబిన్ బాగా తగ్గిపోతుంది. ఈ ఒక్క అక్షరం మూలంగా పిల్లలు జీవితాంతం రక్తం ఎక్కించుకోవలసి వస్తోంది. 2004లో హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం (సీడీఎఫ్‌డీ) శాస్త్రవేత్తలు దక్షిణ భారత రోగులలో ఈ జన్యువుకు చెందిన అరుదైన ఉత్పరివర్తనాలనూ నమోదు చేశారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైనప్పుడు గర్భస్థ శిశువుకు చేసే పరీక్షకు ఇటువంటి జాబితాలే ఆధారం.

2022 మే నెలలో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను ప్రకటించింది. టీకా ఎంఆర్‌ఎన్‌ఏను ఇంట్రాన్లు లేకుండానే పరీక్షనాళికలో తయారుచేస్తారు. టోపీ, తోక మాత్రం దానికీ ఉండాల్సిందే.