రెండవ భాష - మార్కుల లెక్క

ఇంటర్మీడియట్‌లో తెలుగు వదలి సంస్కృతం తీసుకొనే విద్యార్థిని మాతృభాషాద్రోహి అనడం మన సాహిత్యసభల్లో పరిపాటి అయింది. ఇది చరిత్ర తెలియని తిట్టు. ఆ విద్యార్థి చేసినది ద్రోహం కాదు, లెక్క. ఆ లెక్క అతనికి ఎవరు నేర్పారు?

ఏడాది పి.యు.సి. పోయి 1969లో రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. 1983లో క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ చట్టం చేశారు. ఆ వెనుకనే ఎంసెట్ వచ్చింది. సీటు డబ్బుతో కాక ర్యాంకుతో రావాలన్న ఉద్దేశం మంచిదే. కాని ర్యాంకునే సరుకు చేసి అమ్మే కార్పొరేట్ కళాశాలలు ఆ నీడలోనే పెరిగాయి.

ఇంజనీరింగుకు పోదలచిన విద్యార్థికి ఏండ్ల తరబడి ఇంటర్ మొత్తం 1000 మార్కులు: గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలకు 600, ఇంగ్లీషుకు 200, రెండవ భాషకు 200. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్‌కు 25 శాతం వెయిటేజీ ఇచ్చినప్పుడు కూడా లెక్కకు వచ్చినది ఆ 600 మాత్రమే. భాషకు పెట్టిన గంట ర్యాంకుకు దండుగ. అయినా మొత్తం మార్కులు పత్రికా ప్రకటనల్లో మెరవాలి. కనుక తక్కువ గంటల్లో ఎక్కువ మార్కులిచ్చే భాష కావాలి. 2013లో ఐ.ఐ.టి. ప్రవేశానికి బోర్డు పరీక్షలో పై 20 పర్సంటైల్‌లో ఉండాలన్న నిబంధన వచ్చింది. అందులో ఐదు సబ్జెక్టులను లెక్కించారు. వాటిలో ఒకటి భాష. రెండు భాషలు చదివితే ఎక్కువ మార్కులు వచ్చినది తీసుకుంటారు. అది ఎంత కష్టపడి చదవవలసిన భాషో అడిగినవారు లేరు.

తెలుగు పేపరులో ప్రతిపదార్థం, సంధి, సమాసం. సంస్కృతం పేపరులో పెద్ద ప్రశ్నలకు తెలుగులోనో ఇంగ్లీషులోనో జవాబు రాయవచ్చు! (దీనివల్ల సంస్కృతానికి ఒరిగినదేమిటో ఆ పండితులే చెప్పాలి.) తెలుగు పరీక్షను తెలుగు పిల్లవానికే పరాయి చేయడం నేటిది కాదు. మదరాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికాన్నే నిలబెట్టజూచిన పెద్దలకు ఎదురుగా గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసినది ఈ తగవులోనే.

2018లో తెలంగాణ చట్టం తెలుగును తప్పనిసరి చేసింది. కాని పదవ తరగతితో ఆగిపోయింది. సరిగ్గా మార్కుల వేట మొదలయ్యేచోట చట్టం చేయి వదిలింది. 2025లో అక్కడి ఇంటర్ బోర్డు ప్రభుత్వ కళాశాలల్లోనూ సంస్కృతం అవసరమా అని ప్రిన్సిపాళ్ళను అడిగితే రచయితలు అభ్యంతరం చెప్పారు. చెప్పవలసినదే. అయితే తెలుగు పేపరునూ అంతే తేలిక చేయమని కోరే మిత్రులతో నేను ఏకీభవించలేను. ప్రశ్నపత్రాల బరువు సమానం కానప్పుడు, ప్రవేశాల లెక్కలో వాటి మార్కులను సమానంగా చూడడమే అసలు తప్పు.

ఈ తప్పును భరించేదెవరు? సంస్కృతం చెప్పే అధ్యాపకుడే లేని ప్రభుత్వ కళాశాలలో కూలివాని కూతురికి ఎంచుకొనే అవకాశమే లేదు. ఆమె సంధులూ సమాసాలూ చదివి తెచ్చుకొన్న 80, ఫీజు కట్టిన కళాశాలలో మరొకరు తెచ్చుకొన్న 98, రెండూ ఒకే జాబితాలోకి ఎక్కుతున్నాయి.