చెత్త యెవరిది?

మొన్న మా కళాశాల ఆవరణలో విద్యార్థులు ప్లాస్టిక్ చెత్త యేరుతుంటే నేనూ చెయ్యి కలిపాను. గంటలో నాలుగు గోనెసంచులు నిండాయి. "మాస్టారూ, రేపటికి మళ్ళీ యింతే పడుతుంది. దీన్ని తయారుచేసే వాళ్ళనెవరూ అడగరేం?" అన్నాడొక కుర్రవాడు. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వుంది.

1953లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, తిరిగి నింపడానికి వీల్లేని సీసాలలో బీరు అమ్మకాన్ని నిషేధించింది. పొలాల్లో పారేసిన గాజు సీసాలు పశువులకు ముప్పు తెస్తున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. బీరు కంపెనీల ఒత్తిడి ఫలించి, 1957లో ఆ చట్టం గడువు తీరి అంతరించింది. ఆ 1953లోనే డబ్బాలూ సీసాలూ తయారుచేసే కంపెనీలు ముందుండి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థను నెలకొల్పాయి. దాని బోధ ఒక్కటే: తప్పు సరుకుది కాదు, పారేసే మనిషిది. 1971లో అది టెలివిజన్‌లో కన్నీరు కార్చే ఆదివాసిని చూపి, కాలుష్యానికి మూలం ప్రజలేనన్నది. ఆ వేషం కట్టిన నటుడు ఇటలీ సంతతివాడు! అదే యేడు ఆరిగాన్ రాష్ట్రం సీసాకు డిపాజిట్టు తప్పనిసరి చేసి, యింకో దారి వున్నదని నిరూపించింది.

గాజు స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చినా యీ బోధ మారలేదు. 1988లో వస్తువుల అడుగున బాణాల ముద్ర వెలసింది. అది ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే తెలుపుతుంది. జనం దాన్ని రీసైక్లింగుకు హామీగా చదువుకున్నారు. 2015 వరకు పోగుపడిన ప్లాస్టిక్ వ్యర్థంలో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమే!

నిషేధాలు లేకపోలేదు. 2002లో బంగ్లాదేశ్, 2017లో కెన్యా సంచులను నిషేధించాయి. 2022 జులై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు వగైరాలు నిషిద్ధం. కాని షాంపూ ప్యాకెట్టు, నీళ్ళ సీసా ఆ జాబితాలో లేవు. తోపుడుబండివాడి సరుకు మీద పడిన చట్టం పెద్ద కంపెనీల సరుకు దగ్గర మెత్తబడింది.

అసలు పోరు ఉత్పత్తి దగ్గర. 2022 మార్చిలో నైరోబీలో ప్రపంచదేశాలు ఒప్పందానికి పూనుకున్నాయి. ఉత్పత్తికే పరిమితి పెట్టాలని వందకు పైగా దేశాలు కోరాయి. ప్లాస్టిక్‌కు ముడిసరుకు ప్రధానంగా చమురు, సహజవాయువు. కనుకనే చమురు దేశాలు ససేమిరా అన్నాయి. 2024లో బూసాన్ చర్చలు, 2025 ఆగస్టులో జెనీవా చర్చలు ఒప్పందం కుదరకుండానే ముగిశాయి.

చెత్త యేరవద్దని నేననను. యేరడమే మన కర్తవ్యమంతా అనే మాటను మాత్రం నమ్మవద్దంటాను. ఆ మాట యెవరి లాభం కోసం పుట్టిందో చరిత్ర చెబుతూనే వుంది. ఆ కుర్రవాడి ప్రశ్నను ప్రతి తరగతి గదిలోనూ వినిపించాలి.