గుండె మార్చుకున్న బండ్లు

తాండూరులో ఒక మిత్రుడు, తన తండ్రి నడిపిన పాత మెటాడోరు వ్యానుకు బుల్లెట్టు ఇంజను బిగించి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండ ఎక్కుదామన్నాడు. నవ్వకండి, ఈ ఆలోచనకూ ఒక వంశవృక్షం ఉంది.

రెండవ ప్రపంచయుద్ధంలో మిగిలిన హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళకు వెనుక పెట్టె కట్టి ఢిల్లీలో మనుషులను తిప్పారు. ఇంజన్లు అరిగిపోయాక డీజిలువి అమర్చారు. పెట్టె అదే, గుండె వేరు! కాలుష్యం కారణంగా 1998లో వాటి ప్రయాణం ముగిసింది.

మా వాడి చిక్కు మరొకటి. బుల్లెట్టు ఇంజనుకు ఎదురుగాలే చలువ. వ్యాను పొట్టలో మూసేస్తే ఫ్యాను కావాలి. రివర్సు గేరూ లేదు. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

చివరకు, 1874లో మొదలైన నిజాం రైలు మార్గంలోనే వికారాబాదు వెళ్ళివచ్చాము. వ్యాను ఇంకా చింతచెట్టు కిందనే ఉంది.