గినియా పిగ్ శ్వాసలో వింత శబ్దమా? లైట్ తీసుకోవద్దు.. ఇంట్లోని యాంటీబయాటిక్ అస్సలు వేయొద్దు!

హైదరాబాద్: మేత కోసం ‘వీక్ వీక్’ అని అరవడం, నిమిరితే గుర్రుమనడం గినియా పిగ్‌కు మామూలే. కానీ ఊపిరి తీసిన ప్రతిసారీ ఈల లాంటి శబ్దం, టక్ టక్‌మనే చప్పుడు వస్తుంటే మాత్రం డేంజర్ సిగ్నలే. ఇవి ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తాయి. ముక్కు మూసుకుపోతే తిండి కూడా మానేస్తాయి.

కారణాలు ఇవే..
* బోర్డెటెల్లా, స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలతో న్యుమోనియా. కుందేళ్లు, కుక్కలు పైకి బాగానే ఉన్నా బోర్డెటెల్లాను అంటించగలవు. కాబట్టి ఒకే చోట ఉంచొద్దు.
* రంపపు పొట్టు దుమ్ము, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు.
* విటమిన్ సి లోపం. మనలాగే ఇవీ దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. రోజూ క్యాప్సికమ్, కొద్దిగా జామపండు పెట్టాలి.
* ఎండ దెబ్బ. 27 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం. హైదరాబాద్ వేసవిలో బాల్కనీలో బోను పెట్టొద్దు.

ఈ తప్పు చేయొద్దు
జలుబు చేసిందని ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ వేస్తే ప్రాణమే పోవచ్చు. పెన్సిలిన్ రకం మందులు వీటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి.

ఎప్పుడు పరుగెత్తాలి?
నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగిరిపడుతున్నా, పెదాలు నీలంగా మారినా, సగం రోజు మేత ముట్టకపోయినా ఆలస్యం వద్దు. హైదర్‌గూడ వాసులకు నారాయణగూడలోనే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశు వైద్యశాల ఉంది. వెళ్లేముందు శ్వాస శబ్దాన్ని ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే డాక్టర్‌కు పని సులువవుతుంది.