వణుకుడు జబ్బు – అరువు తెచ్చుకున్న మందులు



ఊరికే ఒడిలో పెట్టుకున్న చెయ్యి వణుకుతూ ఉంటుంది. గ్లాసు అందుకోబోతే ఆ వణుకు కాస్త తగ్గుతుంది కూడా. నడక చిన్న చిన్న అడుగుల్లోకి దిగుతుంది. ముఖంలో నవ్వు కనబడదు, మాట మెత్తబడుతుంది. బడిపంతులుగా నాకు ముందు కంటబడేది చేతిరాత. సంతకంలో మొదటి అక్షరం మామూలుగానే ఉండి, చివరికి వచ్చేసరికి చీమల బారులా సన్నబడిపోతుంది. దీనిని డాక్టర్లు పార్కిన్సన్ జబ్బు అంటారు, మనవాళ్ళు వణుకుడు జబ్బు అంటారు, ఆయుర్వేద వైద్యులు కంపవాతం అంటారు.

ఈ జబ్బు ఉన్న ఇంట్లో మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. మూడు నాలుగు రకాల బిళ్ళలు ఉంటాయి. చదువుకున్న కొడుకో కోడలో పెట్టెలోని కాగితం విప్పి చదివితే ఒకదాని మీద ఫ్లూ జ్వరం అని ఉండవచ్చు. ఇంకొకదాని గురించి ఆరా తీస్తే మనోవ్యాధి మందుగా పుట్టిందని తెలుస్తుంది. "మా నాన్నకు ఫ్లూ ఎక్కడుంది? డాక్టరు పొరపాటున రాశాడేమో" అని ఆ బిళ్ళ మానిపించిన ఇళ్ళు ఉన్నాయి. ఆ బిళ్ళ ఆ చీటీలోకి ఎలా వచ్చిందో తెలియకపోవడమే దానికి కారణం. ఒక జబ్బుకని అనుమతి పొందిన మందును డాక్టరు తన విచక్షణతో మరో జబ్బుకు వాడటాన్ని 'ఆఫ్ లేబుల్' వాడకం అంటారు. పార్కిన్సన్ వైద్యం చరిత్రలో చాలా భాగం ఇలా అరువు తెచ్చుకున్న మందులదే. ఆ కథే ఈవేళ చెప్పదలిచాను.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన ఆధారం ఆరుగురు మనుషులు. వారిలో కొందరిని ఆయన వీధిలో పోతుంటే చూసినవాడే తప్ప ఆసుపత్రిలో పరీక్షించలేదు. వర్ణన గొప్పది, వైద్యం మాత్రం శూన్యం. మెడ దగ్గర రక్తం తీయడం, బొబ్బలెక్కించడం వంటివి సూచించాడు. తర్వాత పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు స్థిరపరిచాడు. మొదటి అరువు మందు కూడా ఆయన దగ్గరే కనిపిస్తుంది. బెల్లడోనా జాతి మొక్కల సారం నోరు ఎండగొడుతుంది. ఈ రోగులకు నోటి వెంట చొల్లు కారుతుంది కదా, దానిని ఆపడానికి వాడితే బిగుతు, వణుకు కూడా కొంత తగ్గినట్లు కనబడింది. 1867లో షార్కో శిష్యుడు ఒర్డెన్‌స్టైన్ తన సిద్ధాంత గ్రంథంలో ఈ మందు ప్రస్తావన చేశాడు. మన పొలంగట్ల మీద మొలిచే ఉమ్మెత్తలో ఉన్నదీ ఆ కోవకు చెందిన విషమే. (అందుకని ఎవరూ ఉమ్మెత్త గింజ జోలికి పోవద్దు. మోతాదుకూ చావుకూ మధ్య ఎడం చాలా తక్కువ.)

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నిద్రమత్తు మెదడువాపు ఒకటి వ్యాపించి, బతికి బయటపడిన వారిలో చాలామందికి ఈ వణుకే మిగిల్చింది. బల్గేరియాలో ఇవాన్ రాయెవ్ అనే నాటువైద్యుడు బెల్లడోనా వేరును ద్రాక్షసారాలో కాచి ఇస్తుంటే, ఇటలీ రాణి ఎలేనా ఆ వైద్యాన్ని తన దేశానికి తెప్పించింది. 1949లో అదే పని చేసే కృత్రిమ మందు ట్రైహెక్సీఫెనిడిల్ వచ్చింది. ఇప్పటికీ వాడుతున్నారు. ముసలివారిలో మతిమరుపు, తికమక, మూత్రం బిగబట్టడం తెస్తుంది గనుక వారికి వీలైనంతవరకు ఇవ్వరు.

అంతవరకు వైద్యులు గుడ్డిగా తడుముకున్నారనే చెప్పాలి. వణుకు ఎందుకు వస్తున్నదో ఎవరికీ తెలియదు. తెలియడానికి మార్గం చూపినది మన సర్పగంధి వేరు.

కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని, పిచ్చిని శాంతపరుస్తుందని ప్రకటించారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దానిని ఒక ఇంగ్లండు పత్రికకు ఎక్కించాడు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ ఒకటి ఆ వేరు నుంచి రిసెర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. ప్రపంచమంతా వాడారు. కొంతకాలానికి ఒక వింత కనబడింది. రిసెర్పిన్ ఎక్కువ తీసుకున్నవారిలో కొందరికి ఒళ్ళు బిగిసి, చేతులు వణికి, అచ్చం పార్కిన్సన్ రోగుల్లా అయ్యారు. మందు ఆపితే సర్దుకునేది.

స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసెర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి కదలక పడిపోయాయి. అప్పుడు డోపా అనే పదార్థాన్ని సూదితో ఎక్కిస్తే కాసేపటికే లేచి తిరిగాయి. ఇది 1957 సంగతి. మెదడులో డోపమైన్ అనే రసాయనం కదలికకు ప్రాణమని ఆ వరుస ప్రయోగాలతో తేలింది. 2000లో ఆయనకు నోబెల్ బహుమానం దక్కింది. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి, డోపమైన్ బాగా తరిగిపోయి ఉండటం చూశారు. మరుసటి సంవత్సరమే బిర్క్‌మాయర్‌తో కలిసి హోర్నికీవిచ్ రోగులకు లెవోడోపా ఎక్కించాడు. మంచం మీద నుంచి లేవలేనివారు లేచి నడిచారు, కొద్ది గంటల పాటు.

ఈ లెవోడోపా ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ నాకు కాస్త అభిమానం ఉంది గనుక ఆగి చెబుతాను. 1913లోనే గుగెన్‌హైమ్ అనే స్విస్ రసాయనవేత్త ఒక రకం చిక్కుడు నుంచి దీనిని తీసి, ఏం చేస్తుందో చూద్దామని తానే రెండున్నర గ్రాములు మింగి వాంతులు చేసుకున్నాడు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దీనినే దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. దూలగొండి అంటే ఈ సరిహద్దు జిల్లాల్లో పరిచయం అక్కర్లేదు. కాయ మీది నూగు తగిలితే దురద దుంపతెంచుతుంది. కన్నడిగులు నసుగున్ని అంటారు, తమిళులు పూనైక్కాలి అంటారు, ఆయుర్వేదంలో కపికచ్ఛు, ఆత్మగుప్త. ఆ గింజల బరువులో నూటికి నాలుగైదు పాళ్ళ వరకు లెవోడోపా ఉంటుంది, రకాన్ని బట్టి హెచ్చుతగ్గులుంటాయి. మద్రాసులో దానిని సీసాలో పెట్టిన నాటికి, దానికీ వణుకుకూ సంబంధం ఉందని పశ్చిమ వైద్యంలో ఎవరూ ఊహించలేదు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత గానీ దానిని రోగికి ఇచ్చి చూడలేదు. తరువాత మన దేశంలో దూలగొండి పొడితోనే ప్రయత్నాలు జరిగాయి. 1978లో ఒక పరిశీలన న్యూరాలజీ ఇండియా పత్రికలో వచ్చింది, 1995లో 60 మంది రోగుల మీద పన్నెండు వారాల పరిశీలన ప్రచురితమైంది. రెండింటిలోనూ మేలు కనబడింది. అయితే బజారులో దొరికే పొడిలో మందెంతో, పిండెంతో ఎవరు తూచి చెబుతారు? పైగా డాక్టరు ఇచ్చిన లెవోడోపా బిళ్ళకు తోడు చెప్పకుండా ఈ పొడి కూడా కలిపితే, ఒకే మందును రెండుసార్లు మింగినట్లే.

గుగెన్‌హైమ్‌కు వచ్చిన వాంతులే చాలాకాలం దారికి అడ్డుపడ్డాయి. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ చాలా కొద్దిగా మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోయి, పెద్ద మోతాదు కూడా ఒంటికి పట్టేలా చేశాడు. రోగులు నిలబడ్డారు, కానీ వాంతులు మానలేదు. కారణం ఏమిటంటే, రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కంచె ఉంది. డోపమైన్ ఆ కంచె దాటలేదు, లెవోడోపా దాటగలదు. అయితే మింగిన లెవోడోపాలో ఎక్కువ భాగం కంచె ఇవతలే, పేగుల్లో, రక్తంలో డోపమైన్‌గా మారిపోయి వాంతి తెప్పిస్తుంది. అప్పుడు కార్బిడోపా అనే మరో మందును జత చేశారు. ఈ కార్బిడోపా కంచె దాటలేదు. అది ఇవతలే కాపు కాసి లెవోడోపాను మారనివ్వదు. ఒంటరిగా వేసుకుంటే ఈ జబ్బుకు ఏ పనీ చెయ్యని మందు అది. జతగా వేసుకుంటే లెవోడోపా మోతాదు నాలుగో వంతుకో, ఐదో వంతుకో దిగిపోయింది. 1975లో ఈ జంట బిళ్ళ అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి "వాంతి లేకుండా" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

మందుల కలయిక ఎంత సున్నితమో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ. ఆ జంట రాకముందు, 1969లో, బి6 విటమిన్ వేసుకుంటే ఒంటి లెవోడోపా పని చెడిపోతున్నదని గమనించారు. బలానికని వేసుకునే విటమిన్ అది! కార్బిడోపా తోడైనాక ఆ బెడద దాదాపు పోయింది.

ఇక ఫ్లూ బిళ్ళ సంగతి. దాని పేరు అమాంటడిన్. 1966లో అమెరికాలో ఫ్లూ రాకుండా వాడటానికి అనుమతి పొందింది. 1968 ఏప్రిల్‌లో బోస్టన్‌లో రాబర్ట్ ష్వాబ్ అనే నరాల వైద్యుని దగ్గరకు 58 ఏళ్ళ రోగి ఒకామె వచ్చి ఒక మాట చెప్పింది. ఫ్లూ రాకుండా రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాములు వేసుకుంటున్నప్పుడు తన బిగుతు, వణుకు బాగా తగ్గాయని, ఆరు వారాల తర్వాత మందు మానగానే మళ్ళీ మొదటికే వచ్చాయని. వేరొక డాక్టరయితే కాకతాళీయమని నవ్వి ఊరుకునేవాడు. ష్వాబ్ ఊరుకోలేదు. ఇతర రోగులకు ఇచ్చి చూసి, 163 మంది ఫలితాలను 1969లో ప్రచురించాడు. మూడింట రెండు వంతుల మందికి గుణం కనబడింది, కొందరిలో అది నెలా రెండు నెలల్లో తగ్గిపోయింది కూడా. ఆమె పేరు ఎక్కడా రాయలేదు. నా మటుకు నాకు ఈ చరిత్రలో కార్ల్‌సన్‌కు ఎంత చోటుందో ఆమెకూ అంత చోటుంది. తాను ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎప్పుడు మానిందో, రెండు సందర్భాల్లోనూ ఒళ్ళు ఎలా ఉందో గుర్తుపెట్టుకొని, డాక్టరుకు వరుసగా చెప్పింది.

మనోవ్యాధి మందు అన్నాను కదా, అది సెలెజిలిన్. హంగేరీలో జోసెఫ్ నోల్ బృందం 1960లలో దిగులు పోగొట్టడానికని తయారుచేస్తే, 1970లలో వియన్నాలో లెవోడోపాకు జతగా చేరింది.

ఇన్ని మందులు కలిసి పనిచేసే చోట తెలియని ఒక్క మందు చేరినా లెక్క తప్పుతుంది. మన సరిహద్దు ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. బళ్ళారిలో ఒక డాక్టరు, ఆదోనిలో ఇంకొకరు. హోసూరు వాళ్ళకు బెంగుళూరులో ఒక చీటీ, ఊళ్ళో ఒక చీటీ. రాయగడ వాళ్ళు విశాఖ వెళ్తారు. ఒక చీటీ కన్నడంలో, ఒకటి తెలుగులో, రెండూ డాక్టరు చేతిరాతలో. కళ్ళు తిరుగుతున్నాయంటే మందుల షాపులో సిన్నరిజిన్ ఇస్తారు, తలనొప్పికి ఫ్లునరిజిన్ రాస్తారు. నెలల తరబడి వాడితే ఈ రెండూ కొందరిలో పార్కిన్సన్ లక్షణాలనే పుట్టించగలవు, ఉన్నవాటిని ముదరబెట్టగలవు. వాంతికని మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమైన్‌కు అడ్డం నిలుస్తుంది. ఈ రోగులకు దానిని ఇవ్వరాదు. గుండె సంగతి చూసుకొని డాంపెరిడోన్ ఇస్తారు. సెలెజిలిన్ వాడేవారికి పెథిడిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు, కొన్ని దగ్గు మందులు ప్రమాదం. అందుకని పంటి డాక్టరు దగ్గరకు పోయినా మందుల జాబితా చూపాలి. లెవోడోపాను ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు బిగిసి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. తిరునాళ్ళకో పెళ్ళికో పొరుగు రాష్ట్రం పోతూ బిళ్ళలు ఇంట్లో మరిచిపోకండి.

ఒక పాత నోటుపుస్తకం చాలు. ఏ వేళకు ఏ బిళ్ళ, ఎన్ని మిల్లీగ్రాములు, తిండికి ముందా తర్వాతా, ఏ గంటకు ఒళ్ళు తేలికపడింది, ఏ గంటకు మళ్ళీ బిగిసింది. పప్పు, మాంసం, పాలు ఎక్కువ తిన్నప్పుడు లెవోడోపా కొందరికి సరిగా ఎక్కదు. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. ఇలాంటి సంగతులు పుస్తకంలో ఉంటే డాక్టరు చూసి వేళలు మారుస్తాడు. వేళలైనా, మోతాదులైనా మార్చడం ఆయన పని.

లెవోడోపా వాడిన కొన్నేళ్ళకు చాలామందికి పిలవని కదలికలు మొదలవుతాయి. మెడ, భుజం, కాళ్ళు పాములా మెలికలు తిరుగుతాయి. ఇక్కడ పాత ఫ్లూ బిళ్ళ మళ్ళీ అక్కరకు వచ్చింది. 1998లో అమెరికాలో జరిగిన ఒక చిన్న పరిశీలనలో అమాంటడిన్ ఆ కదలికల తీవ్రతను సుమారు 60 శాతం తగ్గించింది. లెవోడోపా చేసే మేలు మాత్రం తగ్గలేదు. డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు, లేబుల్ మీద ఆ మాట లేకపోయినా. ఈలోగా ఫ్లూ క్రిములు ఆ మందుకు లొంగడం మానేశాయి. 2006లో ఫ్లూకు దానిని వాడవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ చెప్పింది. 2017లో ఈ పిలవని కదలికలకే ప్రత్యేకంగా, నెమ్మదిగా కరిగే అమాంటడిన్‌కు ఆ దేశంలో అనుమతి వచ్చింది. బోస్టన్‌లో ఆమె తన డాక్టరుకు ఆ మాట చెప్పి అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు.